బిడ్డ ఎవరి దగ్గర ఉండాలి? తేల్చే నివేదిక ఖర్చు ఎవరిది?

కస్టడీ కేసుల్లో నిపుణుల మదింపు డబ్బున్నవారికే అందుబాటులో ఉంటోంది. ఈ ఖర్చును రాష్ట్ర ఖజానా నుంచి ఇవ్వడానికి 1984 చట్టంలోనే వీలుంది

2025 జూలైలో సుప్రీంకోర్టు అరుదైన పని చేసింది. ఒక పిల్లవాడి కస్టడీ విషయంలో అంతకుముందు ఏడాది తానిచ్చిన ఉత్తర్వును తానే మార్చుకుంది. కేరళకు చెందిన ఆ కేసులో ఫ్యామిలీ కోర్టు తల్లివైపు మొగ్గింది. హైకోర్టు తండ్రికి కస్టడీ ఇచ్చింది. 2024 ఆగస్టులో సుప్రీంకోర్టు హైకోర్టు తీర్పునే ఖాయం చేసింది. ఆ తర్వాత పిల్లవాడు తీవ్రమైన ఆందోళనకు లోనవుతున్నాడని, తల్లి నుంచి వేరు చేస్తే అది ముదిరే ప్రమాదం ఉందని వేలూరు క్రిస్టియన్ మెడికల్ కాలేజీ మానసిక నిపుణులు నివేదికలు ఇచ్చారు. రివ్యూ పిటిషన్ విచారించిన జస్టిస్ విక్రమ్ నాథ్, జస్టిస్ ప్రసన్న బి. వరాలే ధర్మాసనం వాటిని పరిగణనలోకి తీసుకుని కస్టడీని తల్లికే అప్పగించింది. తండ్రి బిడ్డను కలుసుకునే ఏర్పాటూ చేసింది.

హైకోర్టు, సుప్రీంకోర్టు తేల్చిన విషయాన్ని, నిపుణులు బిడ్డతో కూర్చుని రాసిన కొన్ని పేజీలు తిరగరాయించాయి. ఆ పేజీల విలువ ఏమిటో ఈ ఒక్క కేసు చాలు చెప్పడానికి. అయితే సుప్రీంకోర్టు దాకా వెళ్లగలిగిన కుటుంబాలు ఎన్ని? జిల్లా కేంద్రంలోని ఫ్యామిలీ కోర్టులో, వాయిదా రోజున కూలి పోగొట్టుకుని వచ్చే తల్లికో తండ్రికో అలాంటి నివేదిక తెచ్చుకునే స్తోమత ఉంటుందా?

పిల్లల కస్టడీ చట్టాల గురించి చర్చ వచ్చినప్పుడల్లా తల్లి హక్కు, తండ్రి హక్కు, ఉమ్మడి కస్టడీ అనే మాటలే వినిపిస్తాయి. న్యాయమూర్తి ఏ ఆధారంతో నిర్ణయానికి వస్తున్నారు, ఆ ఆధారానికి డబ్బు ఎవరు కడుతున్నారు అన్న ప్రశ్న పక్కకు పోతుంది. నిజానికి చాలా కేసుల్లో ఫలితాన్ని మార్చగలిగేది ఇదే.

సూత్రం ఉంది, సాధనం లేదు

బిడ్డ సంక్షేమమే సర్వోన్నతం అన్న సూత్రంలో మన చట్టాలకు అస్పష్టత లేదు. 1890 నాటి సంరక్షకులు, సంరక్షితుల చట్టం 17వ సెక్షన్ ఆ మాటే చెబుతుంది. తెలివిగా ఇష్టం చెప్పగల వయసు ఉంటే బిడ్డ మాటను కూడా కోర్టు పరిగణించవచ్చని అదే సెక్షన్ అంటుంది. 1956 నాటి హిందూ మైనారిటీ, సంరక్షకత్వ చట్టం 13వ సెక్షన్ కూడా సంక్షేమాన్నే ముందు పెట్టింది. అయిదేళ్లలోపు బిడ్డ సాధారణంగా తల్లి దగ్గరే ఉండాలని 6వ సెక్షన్ చెప్పినా, అది కూడా సంక్షేమ సూత్రానికి లోబడే పనిచేస్తుంది. బిడ్డలు తల్లిదండ్రుల ఆస్తి కాదని, ఆటబొమ్మలు కాదని సుప్రీంకోర్టు 1973లోనే చెప్పింది.

కానీ సంక్షేమం ఎక్కడుందో కనుక్కోవడం ఎలా? పిటిషన్లు, కౌంటర్లు చదివితే రెండు వేర్వేరు కుటుంబాల కథ చదివినట్టు ఉంటుంది. ఒకరి కథలో అమ్మ నిర్లక్ష్యం చేసింది. మరొకరి కథలో నాన్న చేయి చేసుకున్నాడు. న్యాయమూర్తి బిడ్డను చాంబర్‌లోకి పిలిచి పది, పదిహేను నిమిషాలు మాట్లాడతారు. కొత్త చోట, కొత్త మనిషి ముందు, బయట తల్లిదండ్రులిద్దరూ నిలబడి ఉండగా ఏడేళ్ల పిల్ల చెప్పే మాటను ఎంతవరకు తీసుకోవాలి? అది పిల్ల మాటా, వారం రోజులుగా నేర్పిన మాటా? అనుభవమున్న న్యాయమూర్తికైనా పది నిమిషాల్లో తేల్చడం కష్టమే.

కస్టడీ మదింపు ఈ ఖాళీని పూరించడానికే పుట్టింది. శిక్షణ పొందిన మానసిక నిపుణులో, సామాజిక కార్యకర్తో తల్లిదండ్రులిద్దరితో విడివిడిగా మాట్లాడతారు. బిడ్డతో ఒకటికి రెండుసార్లు కూర్చుంటారు. ఒక్కొక్కరి దగ్గర బిడ్డ ఎలా ఉంటోందో గమనిస్తారు. రెండు ఇళ్లూ చూస్తారు. టీచర్‌తో, అవసరమైతే పిల్లల డాక్టర్‌తో మాట్లాడతారు. హింస ఆరోపణలుంటే రికార్డులు పరిశీలిస్తారు. ఇద్దరిలో ఎవరు మంచివారన్నది వారు తేల్చాల్సిన విషయం కాదు. ఈ బిడ్డకు ఇప్పుడు ఏం కావాలి, అందులో ఎవరు ఏది ఇవ్వగలరు అన్నదే చూస్తారు.

ఇదంతా గంటల కొద్దీ పని. ప్రైవేటు రంగంలో నిపుణులు కూర్చున్న ప్రతిసారికీ ఫీజు తీసుకుంటారు. నివేదికకు వేరే, కోర్టుకు వచ్చి సాక్ష్యం చెబితే వేరే. ఒక పక్షం తన ఖర్చుతో నివేదిక తెస్తే, దాన్ని సవాలు చేయడానికి రెండో పక్షం మరో నిపుణుణ్ణి పెట్టుకోవాలి. అలా పెట్టుకోలేని వారి కథకు కోర్టులో సగం బలమే ఉంటుంది.

పైగా కుటుంబ న్యాయస్థానాల చట్టం 14వ సెక్షన్ సాక్ష్యాధారాల నియమాలను సడలించింది. వివాదాన్ని తేల్చడానికి పనికొస్తుందనుకుంటే ఏ నివేదికనైనా కోర్టు స్వీకరించవచ్చు. 13వ సెక్షన్ ప్రకారం కక్షిదారులకు న్యాయవాదిని పెట్టుకునే హక్కు కూడా నేరుగా ఉండదు. సామాన్యులకు కోర్టును దగ్గర చేయాలన్న మంచి ఉద్దేశంతోనే ఈ రెండు ఏర్పాట్లూ చేశారు. అయితే ఒక పక్షం ఖరీదైన నివేదికతో వచ్చినప్పుడు, అందులోని లోపాలు ఎత్తి చూపేవారు లేని రెండో పక్షానికి ఇవే ఇబ్బందిగా మారే అవకాశముంది.

కౌన్సెలర్ వేరు, మదింపు చేసేవారు వేరు

ఫ్యామిలీ కోర్టుల్లో కౌన్సెలర్లు ఉన్నారు కదా, వారు ఉచితమే కదా అన్న ప్రశ్న రావచ్చు. చట్టం 6వ సెక్షన్ కింద కౌన్సెలర్లను నియమిస్తారు. 9వ సెక్షన్ ప్రకారం ముందుగా రాజీకి ప్రయత్నించడం కోర్టు బాధ్యత. ఆ ప్రయత్నంలో కౌన్సెలర్ పాత్ర కీలకం. భార్యాభర్తలు మనసు విప్పి మాట్లాడాలి, ఒక మెట్టు దిగాలి, తప్పు ఒప్పుకోవాలి. కౌన్సెలింగ్ నడిచేది ఆ నమ్మకంమీదే.

మదింపు స్వభావం వేరు. అక్కడ చెప్పిన ప్రతి మాటా నివేదికలోకి వెళ్తుంది. నిన్నటిదాకా రాజీ కుదర్చడానికి ప్రయత్నించిన మనిషే రేపు ఇద్దరిలో ఎవరి దగ్గర బిడ్డ ఉండాలో రాస్తే, రెండు పనులూ దెబ్బతింటాయి. కస్టడీ విషయాల్లో కౌన్సెలర్ బిడ్డ గురించి ఇచ్చిన నివేదికకు సాధారణ గోప్యత నియమం అడ్డు కాదని, బిడ్డ సంక్షేమం కోసం కోర్టు దాన్ని చూడవచ్చని సుప్రీంకోర్టు 2019లో స్పష్టం చేసింది. బిడ్డ కోణం నుంచి చూస్తే అది సబబైన తీర్పే. కానీ తల్లిదండ్రుల్లో ఎవరికైనా ఈ సంగతి ముందే చెప్పాలి. ఏ గదిలో మాట్లాడింది రాజీకోసం, ఏ గదిలో మాట్లాడింది నివేదికకోసం అన్నది తెలియకపోతే ఉచితంగా దొరికిన సేవే ఉచ్చులా అనిపిస్తుంది.

పని భారం మరో సమస్య. కుటుంబ న్యాయస్థానాల్లో 11 లక్షలకు పైగా కేసులు పెండింగ్‌లో ఉన్నాయని 2022లో పార్లమెంటులో ప్రభుత్వమే చెప్పింది. దేశం మొత్తంమీద అప్పటికి పనిచేస్తున్న ఫ్యామిలీ కోర్టులు ఏడు వందల పైచిలుకు. ఈ లెక్కన రోజుకు వరసగా జంటలను కూర్చోబెట్టి మాట్లాడే కౌన్సెలర్ నుంచి ఇళ్లకు వెళ్లి, బడికి వెళ్లి, పూర్తి మదింపు చేయాలని ఆశించలేం.

నలభై ఏళ్లుగా ఉన్న సెక్షన్

ఈ ఖర్చు ఎవరు భరించాలన్న ప్రశ్నకు కొత్త చట్టం అక్కర్లేదు. కుటుంబ న్యాయస్థానాల చట్టం 12వ సెక్షన్ వైద్య నిపుణులు, కుటుంబ సంక్షేమ రంగంలో పనిచేసేవారి సాయం తీసుకునే అధికారాన్ని కోర్టుకు ఇచ్చింది. అంతకంటే ముఖ్యమైనది 23వ సెక్షన్. హైకోర్టును సంప్రదించి రాష్ట్ర ప్రభుత్వం నియమాలు చేయవచ్చని చెబుతూ, ఏ అంశాలపై చేయవచ్చో ఆ సెక్షన్ జాబితా ఇచ్చింది. 12వ సెక్షన్ కింద పిలిచే నిపుణుల ఫీజులను, ప్రయాణ ఖర్చులతో సహా, రాష్ట్ర ప్రభుత్వ ఆదాయం నుంచి చెల్లించడం, ఆ ఫీజుల స్కేళ్లు నిర్ణయించడం ఆ జాబితాలో స్పష్టంగా ఉన్నాయి.

అంటే నిపుణుడి ఫీజు కక్షిదారుడి జేబునుంచే రావాలని శాసనకర్తలు అనుకోలేదు. ప్రభుత్వం చెల్లించవచ్చని, దానికో రేటు ఉండాలని 1984లోనే ఊహించారు. ఈ వీలును పూర్తిగా వాడుకోవాలంటే స్కేళ్లు నేటి పనికి తగినట్టు ఉండాలి. ఆ సంగతి కోర్టు మెట్లెక్కే మనిషికి తెలియాలి. నిపుణుల జాబితా ప్రతి కోర్టులో ఉండాలి. 12వ సెక్షన్ అధికారం పుస్తకంలో ఉండి, పిలిస్తే వచ్చే మనిషి లేకపోతే న్యాయమూర్తి కూడా చేయగలిగింది తక్కువే.

ఇంకా దారులున్నాయి. 1987 నాటి న్యాయ సేవల ప్రాధికార సంస్థల చట్టం 12వ సెక్షన్ ప్రకారం మహిళలు, పిల్లలు, ఎస్సీ, ఎస్టీలు, దివ్యాంగులు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయ సేవలకు అర్హులు. ఇతరులకు ఆదాయ పరిమితి ఉంటుంది. న్యాయ సేవ అంటే లాయర్‌ను ఇవ్వడమొక్కటే కాదు. కోర్టు ఫీజుతోపాటు కేసు నడపడంలో అయ్యే ఇతర ఖర్చులూ అందులోకి వస్తాయి. బిడ్డ పేరున, బిడ్డ కోసం అడిగే మదింపు ఖర్చును ఇందులో చేర్చడానికి పెద్ద అడ్డంకి కనిపించదు.

హిందూ వివాహ చట్టం 24వ సెక్షన్ కింద సొంత ఆదాయం చాలని భార్య గానీ భర్త గానీ కేసు ఖర్చులు రెండో పక్షం నుంచి కోరవచ్చు. అలాంటి దరఖాస్తును వీలైనంతవరకు 60 రోజుల్లో తేల్చాలని కూడా చట్టం చెబుతుంది. ఇప్పటిదాకా దీన్ని భరణానికీ, లాయర్ ఫీజుకీ సంబంధించిన సెక్షన్‌గానే ఎక్కువగా చూస్తున్నారు. నిపుణుడి ఫీజు కూడా కేసు ఖర్చే. ఇద్దరి ఆదాయాల నిష్పత్తిలో దాన్ని పంచమని కోర్టు చెప్పవచ్చు. గృహహింస కేసుల్లో తాత్కాలిక కస్టడీ ఉత్తర్వులిచ్చే మేజిస్ట్రేటుకు కూడా 2005 చట్టం 15వ సెక్షన్ సంక్షేమ నిపుణుల సాయం తీసుకునే వీలు కల్పించింది.

ఒక పరిమితి మాత్రం గుర్తుంచుకోవాలి. పది లక్షలు దాటిన జనాభా ఉన్న నగరాల్లో ఫ్యామిలీ కోర్టు తప్పనిసరి. మిగతా చోట్ల రాష్ట్ర ప్రభుత్వం అవసరమనుకుంటేనే ఏర్పాటవుతుంది. ఫ్యామిలీ కోర్టు లేని చోట కస్టడీ పిటిషన్ మామూలు సివిల్ కోర్టులకు వెళ్తుంది. అక్కడ 12, 23 సెక్షన్లు వర్తించవు. చిన్న పట్టణాల కుటుంబాలకు న్యాయ సేవల సంస్థల దారే మిగులుతుంది. కాబట్టి ఏ సంస్కరణ చేసినా ఆ రెండో దారిని కూడా తెరిచి ఉంచాలి.

ప్రభుత్వానికి అలవాటైన పనే

పిల్లల గురించి ఇల్లు చూసి, మనుషులతో మాట్లాడి, గడువులోపు నివేదిక రాయడం మన యంత్రాంగానికి కొత్త కాదు. బాల న్యాయ చట్టం 36వ సెక్షన్ ప్రకారం శిశు సంక్షేమ కమిటీ ముందుకు వచ్చిన బిడ్డ గురించిన సామాజిక దర్యాప్తు 15 రోజుల్లో పూర్తికావాలి. నాలుగు నెలల్లో కమిటీ తుది ఉత్తర్వు ఇవ్వాలి. ఆ దర్యాప్తుకు బిడ్డ తరఫువారు ఎవరూ ఫీజు కట్టరు.

దత్తత విషయంలో ఇంకా స్పష్టమైన నమూనా ఉంది. పిల్లల్ని దత్తత తీసుకోవాలనుకునే దంపతుల ఇంటికి సామాజిక కార్యకర్త వెళ్లి, వారి ఆర్థిక స్థితి, ఆరోగ్యం, బంధువుల వైఖరి, పెంపకంపై అవగాహన అన్నీ చూసి గృహ పరిశీలన నివేదిక రాస్తారు. 2017 దత్తత నిబంధనల్లో రిజిస్ట్రేషన్‌తో కలిపి దీనికి 6,000 రూపాయలు ఫీజుగా నిర్ణయించారు. నివేదికలో ఏమేం ఉండాలో నిర్ణీత నమూనా ఉంది. హైదరాబాద్‌లో ఉన్నవారైనా, శ్రీకాకుళంలో ఉన్నవారైనా ఎంత కట్టాలో, ఏం చూస్తారో ముందే తెలుసుకోగలరు.

కస్టడీ వివాదం దత్తత కంటే క్లిష్టమైనదే. ఇక్కడ రెండు ఇళ్లు, రెండు కథలు, మధ్యలో ఒక బిడ్డ. దత్తత నివేదిక నమూనాను ఉన్నదున్నట్టు ఇక్కడ వాడలేం. అయినా ఒక ఇంట్లోకి కొత్త బిడ్డ రావడానికి ప్రభుత్వం ఫీజు, నమూనా నిర్ణయించగలిగినప్పుడు, ఉన్న బిడ్డ ఏ ఇంట్లో పెరగాలో తేల్చడానికి అవి ఎందుకు ఉండకూడదు?

బయటి దేశాల అనుభవం

ఇంగ్లండ్‌లో క్యాఫ్‌క్యాస్ అనే ప్రభుత్వ సంస్థ 2001 నుంచి పనిచేస్తోంది. కోర్టు అడిగితే ఆ సంస్థ సామాజిక కార్యకర్తలు బిడ్డతో, తల్లిదండ్రులతో మాట్లాడి 1989 నాటి బాలల చట్టం 7వ సెక్షన్ కింద నివేదిక ఇస్తారు. దానికి తల్లిదండ్రులు ఫీజు కట్టనక్కర్లేదు. ఆస్ట్రేలియాలో కోర్టుకు సొంతంగా బాలల నిపుణులు ఉన్నారు. వారు రాసే నివేదికకు కూడా కుటుంబం ఖర్చు పెట్టదు. అయితే వారికి తీరిక లేనప్పుడు ప్రైవేటు నిపుణులను ఆశ్రయించాల్సి వస్తుంది. అప్పుడు అక్కడా ఖర్చు సమస్యే.

అమెరికాలో ఎక్కువగా ప్రైవేటు పద్ధతే. పూర్తి స్థాయి మదింపుకు వేల డాలర్లవుతాయి. ఆ ఖర్చును ఎవరెంత పెట్టుకోవాలో జడ్జి నిర్ణయిస్తారు. అక్కడి తెలుగు కుటుంబాలకు ఇది దూరపు సంగతి కాదు. 2019 మార్చిలో సుప్రీంకోర్టు తేల్చిన ఒక కేసులో తల్లి హైదరాబాద్ ఫ్యామిలీ కోర్టును ఆశ్రయించింది. పిల్లలు అమెరికా పౌరులు, వారి సాధారణ నివాసం హైదరాబాద్ కాదు కాబట్టి వివాదం అక్కడి కోర్టులోనే తేలాలని సుప్రీంకోర్టు చెప్పింది. చట్టపరంగా ఆ తీర్పుకు కారణాలున్నాయి. కానీ భర్త వీసామీద ఆధారపడి, ఉద్యోగం చేసే అనుమతి లేక, చేతిలో సొంత డబ్బు లేని భార్యకు అలాంటి కోర్టులో మదింపు ఖర్చు ఎంత బరువో ఊహించడం కష్టం కాదు. ఖర్చు పంపకం గురించి మొదటి వాయిదాలోనే అడగాలన్నది అక్కడి మన కుటుంబాలు తెలుసుకోవాల్సిన విషయం.

ఈ ఖర్చు తగ్గించే మార్గాన్ని వెతికిన రాష్ట్రాలు అమెరికాలోనే ఉన్నాయి. మిన్నెసోటాలోని హెన్నెపిన్ కౌంటీ కోర్టు ముందస్తు తటస్థ మదింపు అనే పద్ధతికి దారి చూపింది. కేసు మొదట్లోనే ఒక మహిళ, ఒక పురుషుడు ఉన్న నిపుణుల జంట తల్లిదండ్రులిద్దరి వాదనా కొద్ది గంటలపాటు వింటుంది. పూర్తి మదింపు జరిగితే ఏం తేలవచ్చో తమ అంచనా అక్కడికక్కడే చెబుతుంది. ఆదాయాన్ని బట్టి ఫీజు మారుతుంది. ఆ మాట విన్నాక రాజీ పడితే పెద్ద మదింపు అవసరమే ఉండదు. పడకపోతే అక్కడ మాట్లాడినవి కోర్టులో సాక్ష్యం కావు. మరికొన్ని చోట్ల కోర్టు ఒకే ఒక ప్రశ్న ఇచ్చి, దానికే జవాబు తెమ్మనే చిన్న మదింపులు వాడుకలో ఉన్నాయి.

ఖర్చు తగ్గాలంటే ప్రశ్న చిన్నదవ్వాలి

ఈ అనుభవాల్లో మనకు పనికొచ్చే పాఠం ఒకటుంది. ప్రతి కేసుకూ పూర్తి మదింపు అక్కర్లేదు. చాలా కేసుల్లో వివాదం అసలు కస్టడీ గురించి కాదు. శనివారం నాన్న దగ్గరికి వెళ్లనని పిల్ల మొండికేస్తోంది, ఎందుకు? తల్లి వేరే ఊరికి బదిలీ అవుతోంది, బడి మారితే బిడ్డ తట్టుకోగలదా? తండ్రి తాగుడు మానేశానంటున్నాడు, నిజమేనా? ఇలాంటి ప్రశ్నకు రెండు మూడు సిట్టింగులు, నాలుగైదు పేజీల నివేదిక సరిపోవచ్చు. కేసును నిపుణుడికి పంపే ఉత్తర్వులో ప్రశ్న ఏమిటో న్యాయమూర్తి స్పష్టంగా రాస్తే పనిగంటలు తగ్గుతాయి, ఖర్చూ తగ్గుతుంది.

ఇరుపక్షాలు చెరొక నిపుణుణ్ణి తెచ్చుకునే బదులు కోర్టే ఒకరిని నియమించడం రెండో మెట్టు. ఇలా చేస్తే ఖర్చు సగమవుతుంది. బిడ్డకు కూడా ఒకే కథను ఇద్దరు ముగ్గురు కొత్తవారికి మళ్లీ మళ్లీ చెప్పే బాధ తప్పుతుంది. తనను చూడని, తనతో మాట్లాడని నిపుణుడు తనకు వ్యతిరేకంగా రాశాడన్న ఫిర్యాదుకూ తావుండదు.

హింస, లైంగిక వేధింపు, తీవ్రమైన మానసిక అనారోగ్యం, వ్యసనం లాంటి ఆరోపణలున్న కేసులకే పూర్తి మదింపు అన్నది మూడో మెట్టు. వాటిలో పొదుపు చూడకూడదు. ముఖ్యంగా గృహహింస ఉన్నచోట ఇద్దరినీ ఒకే గదిలో కూర్చోబెట్టి తొందరగా తేల్చే పద్ధతులు ప్రమాదకరం. భయపడే మనిషి ఒప్పుకుంటుంది, కానీ అది అంగీకారం కాదు. ఏ చవక పద్ధతి మొదలుపెట్టినా ముందు హింస ఉందా లేదా అని విడివిడిగా అడిగి తెలుసుకోవడం మొదటి షరతు కావాలి.

చవక అంటే నాసిరకం కాకూడదు

నిపుణులు ఎక్కడున్నారన్నది న్యాయమైన సందేహం. దేశంలో లక్ష జనాభాకు 0.75 మంది మానసిక వైద్యులే ఉన్నారని పార్లమెంటరీ స్థాయీ సంఘం 2023లో గుర్తుచేసింది. ఎర్రగడ్డ మానసిక ఆరోగ్య సంస్థ, విశాఖపట్నం ప్రభుత్వ మానసిక వైద్యశాల, ప్రభుత్వ వైద్య కళాశాలల మానసిక వైద్య విభాగాలు ఇప్పటికే రోగుల రద్దీతో ఉన్నాయి. వాటిమీదే మొత్తం భారం వేస్తే కస్టడీ నివేదికకు నెలల తరబడి ఎదురుచూడాలి. ఇళ్లు చూడటం, బడికి వెళ్లడం, తల్లిదండ్రులతో మొదటి మాటలు లాంటివి శిక్షణ పొందిన సామాజిక కార్యకర్తలు చేయగలరు. మానసిక పరీక్ష నిజంగా అవసరమైన చోటే క్లినికల్ సైకాలజిస్టు, సైకియాట్రిస్టు రావాలి. ఈ విభజనతో ఖర్చూ తగ్గుతుంది, వేచివుండే కాలమూ తగ్గుతుంది.

అర్హత విషయంలో మాత్రం పట్టు సడలకూడదు. క్లినికల్ సైకాలజిస్టులు భారత పునరావాస మండలి రిజిస్టర్‌లో ఉండాలి. కౌన్సెలర్ అన్న బోర్డుకు అలాంటి నియంత్రణ ఎన్నడూ బలంగా లేదు. నియంత్రణ లేని సైకాలజిస్టులు కస్టడీ కేసుల్లో నిపుణులుగా చెలామణి కావడంపై ఇంగ్లండ్‌లో కుటుంబ న్యాయ విభాగం అధ్యక్షుడు సర్ ఆండ్రూ మెక్‌ఫార్లేన్ 2023లో ఇచ్చిన తీర్పులో ఈ సమస్యనే చర్చించారు.

నిపుణుల మాటకు మితిమీరిన విలువ ఇవ్వడమూ ప్రమాదమే. కస్టడీ మదింపుల్లో వాడే కొన్ని పరీక్షలకు శాస్త్రీయ పునాది చాలదని అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్త రాబర్ట్ ఎమరీ, ఆయన సహచరులు 2005లోనే వాదించారు. మన దగ్గర సుప్రీంకోర్టు 2024 మేలో ఇచ్చిన ఒక తీర్పు కూడా ఇలాంటి జాగ్రత్తే చెప్పింది. ఒక తల్లి లేదా తండ్రి బిడ్డ మనసు విరిచేస్తున్నారన్న ముద్రను తేలిగ్గా వేయకూడదని, ఏ ప్రవర్తన అలా ఉందో నిర్దిష్టంగా చూపాలని అంది. కాబట్టి నివేదికలో ఎవరితో ఎన్నిసార్లు మాట్లాడారు, ఏం చూశారు, ఏది చూడలేకపోయారు, ఏ ఆధారంతో ఏ మాట రాశారు అన్నవి విడివిడిగా ఉండాలి. బిడ్డ ఎవరి దగ్గర ఉండాలన్న చివరి మాట న్యాయమూర్తిదే.

భాష సంగతీ ఉంది. ఇంట్లో తెలుగు, ఉర్దూ, లంబాడీ మాట్లాడే బిడ్డను ఇంగ్లిషులో తయారైన ప్రశ్నపత్రంతో కొలిస్తే ఫలితం నమ్మదగ్గది కాదు. నివేదిక ఇంగ్లిషులో మాత్రమే వస్తే, తన గురించి ఏం రాశారో తల్లికో తండ్రికో మరొకరు చదివి చెప్పాలి. సారాంశాన్ని వారికి అర్థమయ్యే భాషలో ఇవ్వడానికి అయ్యే ఖర్చు స్వల్పం. నివేదికపై అభ్యంతరం చెప్పుకునే హక్కు నిజమయ్యేది అప్పుడే.

రాష్ట్రాల చేతిలో ఉన్న పని

భార్యాభర్తల గొడవకు ప్రజల డబ్బెందుకు అని అడిగేవారుంటారు. గొడవ వారిద్దరిదే. బిడ్డ అందులో పక్షం కాదు, పిటిషన్ వేయలేదు, ఫీజు కట్టలేదు. తల్లిదండ్రులిద్దరూ తమ పక్షం చూసుకునేచోట బిడ్డ పక్షాన చూసే బాధ్యత కోర్టుదే అని మన న్యాయస్థానాలు పదేపదే చెప్పాయి. ఆ బాధ్యత నెరవేర్చడానికి అవసరమైన సమాచారం కూడా కోర్టు ఖర్చే అవుతుంది. కట్టగలిగినవారి నుంచి ఆదాయాన్ని బట్టి వసూలు చేయడంలో తప్పు లేదు. కట్టలేనివారి బిడ్డ గురించి తక్కువ తెలుసుకుని తీర్పు చెప్పడంలోనే తప్పుంది.

2015లో జస్టిస్ ఎ.పి. షా నేతృత్వంలోని లా కమిషన్ తన 257వ నివేదికలో ఉమ్మడి కస్టడీ, మధ్యవర్తిత్వం గురించి సిఫార్సులు చేసింది. వాటికోసం పార్లమెంటు కదలాలి. మదింపు ఖర్చు విషయానికి అంత నిరీక్షణ అవసరం లేదు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ప్రభుత్వాలు తమ హైకోర్టులను సంప్రదించి 23వ సెక్షన్ కింద నేటి పనికి తగిన ఫీజుల స్కేళ్లను నోటిఫై చేయవచ్చు. చిన్న మదింపుకు ఒక రేటు, పూర్తి మదింపుకు ఒక రేటు, ఆదాయాన్ని బట్టి కక్షిదారుడి వాటా, అర్హులకు పూర్తి మినహాయింపు. ప్రతి జిల్లాకు నిపుణుల జాబితా, నివేదికకు ఒకే నమూనా, ఒక గడువు. ఫ్యామిలీ కోర్టు లేని చోట జిల్లా న్యాయ సేవల సంస్థ ద్వారా అదే రేటు. వీటిలో ఏదీ రాజ్యాంగ సవరణ కాదు, కొత్త చట్టమూ కాదు.

గడువు మాట చివరిదైనా చిన్నది కాదు. పెద్దవాళ్లకు రెండేళ్లంటే కొన్ని వాయిదాలు. నాలుగేళ్ల బిడ్డకు రెండేళ్లంటే ఇప్పటిదాకా బతికిన బతుకులో సగం. ఆ రెండేళ్లలో బిడ్డ ఒక ఇంటికి అలవాటు పడుతుంది, రెండో ఇంటిని మరచిపోతుంది. ఆ తర్వాత వచ్చే నివేదిక ఎంత మంచిదైనా, అది అప్పటికే జరిగిపోయిన మార్పును నమోదు చేయగలదే తప్ప మార్చలేదు.